పదకొండు సాక్షి సంతకాలు

సెంటినరీ కాలనీ,
9 జూలై 2023.

చెల్లె డెబోరాకు,
అన్న సామ్యేల్ ప్రభువు పేర వందనాలు చెప్పి రాసేది.

మొన్న నువ్వు ఫోన్ చేస్తే శాంతిరాజ్ తెచ్చి నా చెవుకు పెట్టిండు. కొడుకు మనసెందుకు కష్టపెట్టాలె అని ‘ఆఁ, ఆఁ, మంచిగున్నది’ అని చెప్పి ఇచ్చేసిన. ఒక్క ముక్క ఇనబడలే. నువ్వు ‘మీ బావకు జరం’ అంటే నేను ‘మంచిగున్నది, మంచిగున్నది’ అన్ననంట కదా! కోడలు సంధ్యారాణి అంగన్‌వాడీ పలక తెచ్చి దాని మీద రాసి చూపెట్టేదాక నాకు తెల్వదు. నవ్వలేక సచ్చిపోయింది పిల్ల.

ముప్పయ్యేండ్లు బొగ్గు బాయిల పేలుళ్ల సప్పుడుకు పోయిన చెవులివి, ఇంక రావు. మిషన్ పెట్టుకుంటే ఈల తప్ప ఇంకేం లేదు. అందుకే ఇయ్యాల్టి సంది ఉత్తరమే రాస్త. నువ్వు గూడ రాయి. తెలుగు టీచరమ్మవని నా తప్పులకు ఎర్ర పెన్ను పెట్టి తిరిగి పంపకు. పెండ్లి కాకముందు గట్లనే చేసినవ్, నాకింకా యాదున్నది.

ఒక సంతోషమైన ముచ్చట. బుచ్చన్న యాదికున్నడా? నా కింద ఇరవై రెండేండ్లు బొగ్గెత్తినోడు, గోదావరిఖనిల ఉంటడు, సారవ్వ పెనిమిటి. దుమ్ము పట్టి వాని ఊపిరితిత్తులు ఖరాబైనయ్. నాలుగడుగులేస్తే ఆయాసం. ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఒక దవాఖానోళ్లు వచ్చి ఖనిల రూము తీసుకున్నరు. దుమ్ము రోగానికి కొత్త గోలీ ఉన్నదంట, అది పనిచేస్తదా లేదా అని చూస్తరంట. రిటైరైనోళ్లు పదకొండు మంది చేరిండ్రు. అందరు చదువురానోళ్లే. వేలిముద్ర వేసేటోని పక్కన ఒక సాక్షి సంతకం ఉండాల్నంట. అన్ని చూసుకునేది రుత్విక్ అని కరీంనగర్ దిక్కు పిలగాడు, మర్యాదస్తుడు. ‘సర్దార్ సాబ్, మీరు పెడితేనే అందరు నమ్ముతరు’ అని కాగితం మీద రాసి చూపెట్టిండు. పెట్టిన.

రిటైరైన పదకొండేండ్లల్ల నా సంతకం ఎవ్వరడిగిండ్రు చెల్లె? పెన్షన్ కోసం బతికే ఉన్ననని పెట్టేది తప్ప! రుత్విక్‌కు చెప్పిన, సర్దార్ సంతకమంటే ఏందో. షిఫ్టు మొదలుకాకముందు సర్దార్ ఒక్కడే లోపలికి పోతడు. రూఫును కట్టెతోని కొట్టి ఇంటడు. గట్టిగ మోగితే మంచిది, డొల్లగ మోగితే కూలుతది. మంచిగుంటే బొగ్గు మీద సుద్దతోని తారీఖేసి సంతకం పెడ్తడు. అది చూసినంకనే మనుషులు లోపలికొస్తరు. నా సంతకం కింద ఒక్క ప్రాణం పోలే. ఆ పిలగాడు నోరు తెరుచుకొని ఇన్నడు.

బావ ఆరోగ్యం రాయి.

నీ అన్న,
సామ్యేల్


తార్నాక, హైదరాబాద్,
2 ఆగస్టు 2023.

ప్రియమైన అన్నకు,
డెబోరా వందనాలు.

మీ బావకు జ్వరం తగ్గింది. జ్వరమంటే మంచిగున్నదని అన్నావని చెబితే రెండు రోజులు నవ్వారు. ఎర్ర పెన్ను బయటికి తీయలేదు, నిశ్చింతగా రాయి.

నీ ఉత్తరం చదివి ఆశ్చర్యపోయాను. ఇంతవరకు నీకు చెప్పని సంగతి ఒకటుంది. మనుషుల మీద ఏ కొత్త మందు పరీక్షించాలన్నా ముందుగా ఒక ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. పరీక్షకు వచ్చే మనిషికి అన్యాయం జరగకుండా చూడటం ఆ కమిటీ పని. అందులో డాక్టర్లు, ఒక వకీలు, వాళ్లతోపాటు డాక్టరు చదువు లేని సామాన్యులొకరు ఉండాలని నియమం. ఇక్కడి ఒక దవాఖాన కమిటీలో ఆ సామాన్యురాలిని నేనే, రెండేళ్లుగా. లోపలి విషయాలు బయట చెప్పకూడదు గనుక నీకు రాయలేదు. కాని ఫిబ్రవరిలో మేం ఒప్పుకున్నది మీ దుమ్ము రోగం గోలీనే! కాగితాల్లో ‘గోదావరిఖని’ అని కనిపించగానే, మా నాన్న బొగ్గెత్తిన ఊరండీ అని అందరికీ చెప్పాను.

ఇంకొకటి చెబితే నువ్వు కూడా సంతోషిస్తావు. పరీక్షలో చేరేవాళ్లకు చదివి వినిపించే సమ్మతి పత్రం ఉంటుంది. దాని తెలుగు మరీ అధ్వాన్నంగా వస్తే మూడు రోజులు కూర్చుని నేనే తిరగరాశాను. ఛైర్మన్‌గారు చదివి ‘తెలుగంటే ఇదమ్మా!’ అన్నారు. అంత పెద్ద డాక్టర్ల మధ్య రెండేళ్లు నోరు విప్పకుండా కూర్చున్నదాన్ని, ఆ రోజు తల ఎత్తుకుని ఇంటికొచ్చాను. ‘పాల్గొనువారు ఏ దశయందైనను తమ సమ్మతిని ఉపసంహరించుకొనవచ్చును’ అన్న వాక్యం విన్నావా? అది నాదే.

ఒకటి అడుగుతాను, కోప్పడకు. సాక్షి అంటే ఆ కాగితమంతా చదివి వినిపిస్తుండగా పక్కనుండి విన్నవాడు. నీకెలా వినిపించింది అన్నా? ఆ పిల్లవాడు మైకు పెట్టి చదివాడా?

నీ చెల్లెలు,
డెబోరా


సెంటినరీ కాలనీ,
12 సెప్టెంబర్ 2023.

చెల్లె డెబోరాకు వందనాలు.

నువ్వు అంత పెద్ద కమిటీల ఉన్నవంటే గుడిల లేచి సాక్ష్యం చెప్పాలన్పించింది. చెప్పొద్దన్నవని ఊకున్న. శాంతిరాజ్‌కు ఇప్పుడు రెండో షిఫ్టు. కోడలు అంగన్‌వాడీ పిల్లలకు వేసే పాటలు నా ముంగట గూడ ఆడి చూపెడుతది. సప్పుడు లేకున్నా ఆట మంచిగనే ఉంటది.

చదువుడు ముచ్చట అడిగినవ్ గదా. మంచిగనే చదివిండు తియ్యి. ఇన్ని కాగితాలు, ఇన్ని పేజీలు, టైం బట్టింది.

మొన్న ఆదివారం బుచ్చన్న ఆటోల వచ్చిండు. గుడి నుంచి నేనచ్చేసరికి అరుగు మీద కూసున్నడు. చాయ్ తాగి చానసేపు ముచ్చట పెట్టిండు. కండ్లు పచ్చగైనయ్ వానికి. పసిరికలని సారవ్వ పసరు పోయించి, మెడల పుల్లల దండ వేయించింది. నువ్వు ఫికర్ చెయ్యకు, ఈ దిక్కు అందరికి వస్తయి, పోతయి.

నీ అన్న,
సామ్యేల్


తార్నాక,
17 సెప్టెంబర్ 2023.

అన్నా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఇది నీకు చేరేలోపే శాంతిరాజ్‌కు ఫోన్ చేసి చెప్పాను, అయినా రాస్తున్నాను. బుచ్చన్న ఆ గోలీ వెంటనే మానెయ్యాలి. కళ్లు పచ్చబడితే, మూత్రం పసుపుగా వస్తే గోలీ ఆపి డాక్టరుకు చెప్పాలని ఆ కాగితంలోనే ఉంది, నాలుగో పేజీలో. అది మామూలు కామెర్లు కాదు, గోలీ కాలేయాన్ని తింటోంది. పసరు మందు ఇక ఒక్క చుక్క కూడా వద్దు. వెంటనే పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మను.

మానేస్తే ఎవరూ ఏమీ అనరని చెప్పు. ఏమీ పోదు. ఎప్పుడైనా మానెయ్యొచ్చు.

డెబోరా


సెంటినరీ కాలనీ,
15 అక్టోబర్ 2023.

చెల్లెకు,

బుచ్చన్న పోయిండు. కరీంనగర్ దవాఖానల పదహారు రోజులుండి ఈ నెల నాలుగున పోయిండు. గోదావరి ఒడ్డుకు తీస్కపోయినం. నేను ముంగట నడిచిన. వాడు నాకంటే ఎనిమిదేండ్లు చిన్నోడు.

నీ ఫోన్ వచ్చిన మర్నాడే శాంతిరాజ్ పోయిండు. అప్పటికే వాడు మంచంల ఉన్నడు. గోలీ మాత్రం ఆ పొద్దుగూడ ఏసుకున్నడంట. ఎందుకాపలేదంటే సారవ్వ ఏం చెప్పిందో కోడలు పలక మీద రాసింది: ‘ఆపితె బొగ్గు కంపెనీ దవాఖానల మా పేరు కొట్టేస్తరనుకున్నం బిడ్డా. ఏలు ముద్ర ఏసినంక మాట తప్పుతమా?’

మాట తప్పొద్దని గోలీ మింగి సచ్చిండు నా బుచ్చన్న. మానెయ్యొచ్చని వానికి ఎవ్వరు చెప్పలే. నువ్వేమో గొప్పగ రాసిన అంటున్నవ్. కోడలు ఆ కాగితం తెచ్చి నీ వాక్యం నాకు చూపెట్టింది. మూడుసార్లు చదివిన. పదో క్లాసు పాసైన సర్దార్‌ను, నాకే సమజ్ కాలే!

ఒక్కటడుగుత. మీ కమిటీల ఒక్కడన్న, ఎప్పుడన్న ఖనికచ్చి చూసిండా? బాయిల దిగకుండ, పైన కుర్సీల కూసోని రూఫు మంచిగుందని సంతకం పెట్టే సర్దార్ ఉంటే పట్టి జైల్ల వేస్తుండిరి. మీకేం లేదా?

సామ్యేల్


తార్నాక,
10 డిసెంబర్ 2023.

అన్నా,

నీ ఉత్తరం బల్లసొరుగులో పెట్టుకుని ఇన్ని వారాలు తీసి చదువుకుంటూ ఉన్నాను. జవాబు రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వన్నది నిజం. మేమెవరం ఖనికి రాలేదు. ఎక్కడి పరీక్షకూ వెళ్లలేదు. మా దగ్గరికి కాగితాలు వస్తాయి, మేం కాగితాలు చూస్తాం.

నవంబర్‌లో బుచ్చన్న చావు మీద కమిటీ కూర్చుంది. అతనికి అన్నీ వివరించి ఒప్పించారా అని వకీలుగారు అడిగారు. బుచ్చన్న సమ్మతి పత్రం బల్ల చుట్టూ తిప్పారు. ఒక వేలిముద్ర, దాని పక్కన సాక్షి గీత మీద నీ సంతకం. చివర నువ్వు పెట్టే చుక్కతో సహా. చిన్నప్పుడు నా ప్రోగ్రెస్ కార్డు మీద నాన్నకు బదులు నువ్వే పెట్టేవాడివి, నేను గుర్తుపట్టనా? నా చేతిలో అర నిమిషం ఉంది ఆ కాగితం. ఈ సాక్షి మా అన్న, మా అన్నకు వినిపించదు, అని చెప్పాలి. చెప్పలేదు. పక్కనున్న డాక్టరుకు అందించాను. ‘సాక్షి ఉన్నాడు, సమ్మతి సక్రమం’ అని రాసుకున్నారు. మిగిలిన పదిమందికి రక్త పరీక్షలు మామూలు తేదీల ప్రకారమే చేస్తే చాలన్నారు.

తర్వాతి వారం ఢిల్లీ నుంచి తనిఖీకి ఇద్దరు వచ్చారు. దేశంలో ఇలాంటి కమిటీలన్నీ అక్కడ నమోదు కావాలి. మంచివాళ్లే, ఓపికగా రెండు రోజులు కూర్చున్నారు. సభ్యుల హాజరు చూశారు, సంతకాలు చూశారు, తేదీలు చూశారు. ‘మీ దస్త్రాలు మిగతావారికి ఆదర్శం’ అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను అన్నా.

అసలు అనువాదంలో ఆ వాక్యం ఎలా ఉండేదో తెలుసా? ‘మీరు ఎప్పుడైనా మానేయవచ్చు’ అని ఉండేది. నాకది నాటుగా అనిపించింది. దిద్దాను.

ఇప్పుడు నిన్ను మళ్లీ అడుగుతున్నాను. ఈసారి సరదాకి కాదు. ఆ కాగితం చదవగా నువ్వు విన్నావా?

డెబోరా


సెంటినరీ కాలనీ,
14 జనవరి 2024.

చెల్లె డెబోరాకు,

ఇనలే.

చదువనే లేదు, ఇంకేమింట! రుత్విక్ పదకొండు కాగితాలు ముంగటేసి, ‘పెద్దమనిషి, మళ్ల మళ్ల మీకెందుకు తిప్పలు, అన్నిట్ల ఒక్కసారే పెట్టుండ్రి’ అని రాసి చూపెట్టిండు. అప్పటికి ఒక్కడు గూడ రాలే. కాగితాలల్ల పేర్లు గూడ లేవు. సాక్షి అని రాసున్న కాడ వరుసగ పదకొండు పెట్టిన. తెల్లారి వాళ్లొచ్చిండ్రు. సర్దార్ సంతకం ముందే ఉన్నది. బాయిల ఏం జూస్తరు మనోళ్లు? సుద్ద సంతకం చూస్తరు, తలవంచి లోపలికి పోతరు. గట్లనే ఒక్కొక్కడు వచ్చి నా సంతకం చూసి వేలు అద్దిండు. రుత్విక్ చదువబోతే, ‘సర్దార్ చూసిండు గదా సార్, మళ్ల చదువుడెందుకు’ అన్నరంట. ఆ పిలగాన్నొక్కన్ని అని ఏం లాభం?

ఒకప్పుడు రూఫు కొట్టి ఇన్నంకనే పెట్టేటోన్ని. చెవులు పోయినంక గూడ సంతకం మాత్రం అదే అనుకున్న. ముసలితనంల ఒకడు సాబ్ అని పిలిచేసరికి ఉబ్బిపోయిన చెల్లె.

ఇంకోటి గూడ దాచిన. ఆ ఆదివారం బుచ్చన్న వచ్చిండని రాసిన గదా. చాయ్ తాగినంక నా చెయ్యి పట్టుకొని ఏమో అడిగిండు. రెండుసార్లు అడిగిండు. నాకు ఇనబడలే. ఇంట్ల కోడలు లేదు, పలక లేదు. ఇనబడలేదని వానికి చెప్పుకునేందుకు నామోషీ అయింది. వాని ముంగట నేను సర్దార్‌ను గదా! తలూపిన. వాడు నా దిక్కు చూసి, సరే అన్నట్టు లేచి పోయిండు. ఏమడిగిండో నాకియ్యాల్టికి తెల్వది.

సారవ్వ ముఖం చూడలేక ఖనికే పోతలేను. చూడకుండ సంతకం పెట్టే సర్దార్‌ను జైల్ల వేస్తరని నీకు రాసిన. నన్నేం జెయ్యాలె?

సామ్యేల్


తార్నాక,
22 జనవరి 2024.

అన్నా,

చదవగానే నీ మీద కోపమొచ్చింది. దాచడం నాకు చేతగాదు. పేర్లయినా లేని కాగితాల మీద సంతకాలా? ‘మంచిగనే చదివిండు తియ్యి’ అని నాకే రాస్తావా? ఉత్తరం చించబోయాను. చించబోతుంటే నవంబర్ నాటి అర నిమిషం గుర్తొచ్చింది. నువ్వు చెవిటివాడివై వినలేదు. నాకు కళ్లున్నాయి, నోరుంది, చదువుంది. నేను చేసిందేమిటి?

ఇప్పుడు ఏడుస్తూ కూర్చుంటే కుదరదు. పదిమంది ఇంకా ఆ గోలీ మింగుతున్నారు. వచ్చే నెల తొమ్మిదిన కమిటీ ఉంది. అక్కడ నేను లేచి అంతా చెప్పదలచుకున్నాను. సాక్షి మా అన్న అని, ఆయనకు వినిపించదని, ఆ మాట నాకు తెలిసీ చెప్పలేదని, ఎవరికీ అర్థం కాని కాగితం రాసింది నేనేనని. చెబితే నీ పేరు బయటికొస్తుంది. పోలీసులు అడగొచ్చు, కాలనీలో నలుగురూ అనొచ్చు. ముప్పై ఏళ్ల సర్దార్ పేరు. నువ్వు వద్దంటే నీ పేరు తీసి నా తప్పు మాత్రమే చెబుతాను. కాని అప్పుడు ఆ సంతకం సక్రమంగానే ఉండిపోతుంది, పదిమందీ అందులోనే ఉంటారు.

నీ మాట కోసం చూస్తున్నాను.

డెబోరా


సెంటినరీ కాలనీ,
30 జనవరి 2024.

చెల్లెకు,

నా పేరుతోనే చెప్పు. కింద రాసింది చదువు, ఒక్క అక్షరం దిద్దకు.

‘నా పేరు సామ్యేల్. మైనింగ్ సర్దార్ పని చేసిన. నాకు చెవులు ఇనరావు. పదకొండు మందికి సాక్షినని సంతకం పెట్టిన. మనిషి రాకముందే పెట్టిన. కాగితం చదివింది లేదు, నేను ఇన్నది లేదు. నా సంతకం చూసి వాళ్లు వేలు పెట్టిండ్రు. అది సాక్షి సంతకం కాదు.’

తొమ్మిదో తారీఖుదాక నేనాగలే. సుద్దముక్క జేబుల ఏసుకొని కోడలును తీసుకొని పదిమంది ఇండ్లు తిరిగిన. రూఫు మంచిగలేని కాడ మేం సుద్దతోని ఇంటూ గుర్తు పెడ్తుంటిమి. అది దాటి ఎవ్వడు పోడు. ప్రతి ఇంట్ల గోలీల డబ్బ తెమ్మని దాని మీద ఇంటూ పెట్టిన, దవాఖానకు పోయి రక్తం చూపెట్టుకోమన్న. వాళ్లల్ల సదయ్య అయితే అక్కడికక్కడ డబ్బ తీసి సజ్జ మీదికి ఇసిరిండు. ఒక్కడు గూడ ఎందుకని అడగలే చెల్లె. చదవకుండ చేరిండ్రు, అడగకుండ ఆపిండ్రు. నాకు సంతోషం కాలే, భయమయింది.

సారవ్వ ఇంటికి మాత్రం పోలే.

సామ్యేల్


తార్నాక,
20 ఏప్రిల్ 2024.

ప్రియమైన అన్నకు,

ఆలస్యానికి క్షమించు. ఒక్కో మెట్టూ ఎక్కి దిగేసరికి ఇన్నాళ్లు పట్టింది.

ఫిబ్రవరి తొమ్మిదిన నీ మాటలు నువ్వు రాసినట్టే చదివాను. నా తప్పు నా మాటల్లో చెప్పాను. ఛైర్మన్‌గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ‘అమ్మా, మూడు నెలల క్రితం ఎందుకు చెప్పలేదు?’ అన్నారు. భయపడ్డానన్నాను. ఎవరికి అన్నారు. మీ అందరికీ అన్నాను. ఖనిలో పరీక్ష ఆ రోజే ఆపించారు. పదిమందినీ పిలిపించి చూస్తే సదయ్యకు, ఇంకొకాయనకు కాలేయం చెడటం మొదలైందట. మందు ఆపారు గనుక ఇప్పుడు కుదుటపడుతున్నారు. నీ సుద్ద గీత పది రోజులు ముందుపడింది అన్నా.

కమిటీలో నా గడువు జూన్‌తో అయిపోతుంది, పొడిగించరు. నాకు బాధ లేదు. పోయేలోపు ఢిల్లీకి ఒక లేఖ రాశాను. కమిటీలు కాగితాలు చూసి ఊరుకోకుండా మనుషుల దగ్గరికి వెళ్లాలని. విన్నది ఆ మనిషి తన మాటల్లో తిరిగి చెప్పాకే వేలిముద్ర తీసుకోవాలని. సాక్షిని పరీక్ష చేసేవాళ్లు కాక ఆ మనిషే తెచ్చుకోవాలని. నాలాంటి సామాన్యుల్ని అలంకారానికి కూర్చోబెట్టొద్దని కూడా రాశాను. పరిశీలిస్తామని జవాబొచ్చింది. మా కమిటీ మాత్రం ఒప్పుకుంది, వచ్చే నెల నుంచి ఇద్దరు సభ్యులు ఊళ్లకు వెళ్తారు.

బుచ్చన్న ఎందుకు చనిపోయాడో విచారణ జరగాలంటే సారవ్వ ఫిర్యాదు కావాలి. ఆమె నోటి మాటే రాయండి, నేను దిద్దను. ఆమె వేలిముద్ర పక్కన ఒక సాక్షి ఉండాలి. ఎవరిని పెట్టుకుంటుందో ఆమె ఇష్టం.

నువ్వు ఆమె దగ్గరికి వెళ్లు అన్నా. ఎన్నాళ్లని తప్పించుకుంటావు?

నీ చెల్లెలు,
డెబోరా


సెంటినరీ కాలనీ,
6 మే 2024.

చెల్లె డెబోరాకు వందనాలు.

పోయిన. నిన్న పొద్దుగాల్ల కోడలును, పలకను తీసుకొని సారవ్వ ఇంటికి పోయిన. సంతకాల ముచ్చట నేను మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టింది. కోడలు పలక మీద రాసింది: ‘నీకు ఇనబడదని మా అందరికి తెలుసన్నా. నువ్వు పెట్టినవంటే చాలనుకున్నం.’ తిడుతదనుకొని పోయిన చెల్లె. తిట్టినా మంచిగుంటుండె.

ఫిర్యాదు కాగితం సంగతి చెప్పినం. ఆమె చెప్పింది, సంధ్యారాణి కాగితం మీద రాసింది. సాక్షి ఎవరని అడిగితే నా దిక్కు ఏలు చూపెట్టింది. నాకొద్దన్న. ఇంకెవ్వర్నన్న పెట్టుకో సారవ్వ అన్న. ఆమె ఇనలే.

అయితే ఒక్క షరతు పెట్టిన. ఒక్కొక్క మాట కోడలు గట్టిగ చదవాలె, పలక మీద రాయాలె, నేను చదివి సారవ్వను అడుగుత. ఆమె నోరు తెరిచి చెప్పాలె, తలూపితే నడవదు. ఆ చెప్పింది గూడ పలక మీదికి రావాలె. ఇరవై మూడు వాక్యాలైనయ్. ఎండ వాకిట్లకొచ్చింది, సుద్దలు రెండు అరిగినయ్. సారవ్వ నడుమ ఒకసారి లేచి పోయి ముఖం కడుక్కొని వచ్చింది.

పంతొమ్మిదో వాక్యం కాడ కోడలు రాసి, పలక నాకియ్యకుండ ఒళ్లో పెట్టుకుంది. తుడువబోయింది. గుంజుకొని చదివిన.

‘మా ఆయన సర్దారన్న ఇంటికి పోయి, ఒంట్లె మంచిగలేదన్నా, ఈ గోలీ ఏసుకోమంటవా అని రెండుసార్లు అడిగిండు. అన్న తలూపిండు.’

ఏమడిగిండో గట్ల తెల్సింది నాకు.

కోడలు ఏడ్సుకుంట నా చెయ్యి పట్టుకుంది, ఈ ఒక్కటి తీసేద్దామని. వద్దన్న. సారవ్వను అడిగిన, ‘గిది నువ్వన్నదేనా?’ ఆమె నా ముఖంలకు చూసి నోరు తెరిచే చెప్పింది. కోడలు ‘అవును’ అని రాసింది. మిగిలిన నాలుగు వాక్యాలు గూడ అట్లనే చదివినం. సారవ్వ వేలు అద్దింది. దాని పక్కన నేను తారీఖేసి పెట్టిన.

కాగితం ఈ ఉత్తరంలనే పెట్టిన, జాగ్రత్తగ పంపు. ఇది నా పన్నెండో సాక్షి సంతకం చెల్లె. మొత్తం చదివినంకనే పెట్టిన.

నీ అన్న,
సామ్యేల్